కోటు జేబులో ట్యూబు

పోయిన వారం కథలో, ల్యాబులో రక్తం ట్యూబుల్ని మిషన్లో గిర్రున తిప్పే మన తిరగలి మామ అన్నం డబ్బా మూతైనా తియ్యకుండా ల్యాబులోంచి బయటపడ్డాడు. అక్కడే ఆగాం. అతణ్ణి అలా లేపి పంపింది ఒక కాగితం.

హెచ్ఐవీ ఉండి, రోజూ మాత్ర వేసుకుంటూ, వైరస్‌ని పరీక్షకు దొరకనంతగా అణచిపెట్టుకున్న రెండొందల మంది రక్తాన్ని డాక్టరమ్మ రెండు వరసలు చేసింది. నిద్రని ఎగరగొట్టి మనిషిని పరుగెత్తించే తెల్లపొడి వాడేవాళ్ళు ఒక వరస. దాని జోలికి పోనివాళ్ళు, పోయి మానేసినవాళ్ళు ఇంకో వరస. మానేశానని చెప్పిన నలభై ఏడో నంబరు రక్తం మాత్రం, అచ్చం వాడేవాళ్ళ రక్తంలా ఉంది. ఆ నంబరు వెనక ఎవరున్నారో డాక్టరమ్మ చూడకూడదు, అది వాళ్ళ పద్ధతి. లేబుళ్ళు అంటించే మామకు తెలుసు. నలభై ఏడు అతని బావమరిది, అందరూ కత్తెర అని పిలిచే దర్జీ.

ఆదివారం కత్తెర కూతురు వస్తానంది. తొమ్మిది నెలల పాపని ఎత్తుకుని, తండ్రికి మొదటిసారి చూపించడానికి. అయితే ముందే ఫోన్లో ఒక మాట అనేసింది. "నాన్న మాట మీద చాలాసార్లు వచ్చాను మామయ్యా. ఈసారి మీ మిషన్ మాట మీద వస్తాను. పొడి మానేశాడన్న కాగితం చూపించండి, పాపని చేతికిస్తాను."

ఈ రోజు గురువారం.

*

కత్తెర కొట్టు వీధిలోంచి రెండు మెట్లు దిగితే వస్తుంది. నడుచుకుంటూ పోయేవాళ్ళ మోకాళ్ళు తప్ప మొహాలు కనబడవు. మనుషుల్ని ప్యాంట్ల అంచులు చూసి గుర్తుపడతానని కత్తెర గొప్ప చెప్పుకుంటాడు.

"బావ కాళ్ళే అవి," అన్నాడు తల ఎత్తకుండానే. "ఎడమకాలు ఈడుస్తూ ఇంకెవడు నడుస్తాడు? ఏంటి, పనెగ్గొట్టి వచ్చావు? మీ తిరగలి గాని తిరగనని మొరాయించిందా?"

నోట్లో నాలుగు గుండుసూదులు ఉన్నాయి. మాటలు వాటి సందుల్లోంచి వస్తున్నాయి.

"ముందు ఆ సూదులు తియ్యి. మింగితే నిన్ను మళ్ళీ మా దగ్గరికే మోసుకొస్తారు."

కత్తెర నవ్వి సూదులు తీసి చొక్కా కాలరుకి గుచ్చుకున్నాడు. బల్ల మీద పసుప్పచ్చ గుడ్డతో కుట్టిన చిన్న గౌను ఉంది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు.

"కొలతలు లేకుండా కుట్టడం నా జన్మలో ఇదే మొదలు బావా. తొమ్మిది నెలల పిల్లకి చెయ్యి ఎంతుంటుందంటావు?"

మామ తన చూపుడువేలు చివరనుంచి మణికట్టు దాకా చూపించాడు.

"అంతేనా! నేను జానెడు పెట్టానే. పోనీలే, ఎదుగుతుంది."

మామ కూర్చోలేదు. కూర్చుంటే అడగలేడు.

"ఒరేయ్. పొడి ముట్టి ఎన్నాళ్ళైంది?"

కుట్టుమిషన్ చక్రం ఇంకా తిరుగుతోంది. కత్తెర దాని మీద అరచెయ్యి వేసి ఆపాడు.

"ఇప్పుడెందుకది?"

"అడిగినదానికి చెప్పు."

"మూడేళ్ళు." మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "నీకు తెలియంది ఏముంది?"

"రక్తం అలా చెప్పట్లేదు."

 పైన వీధిలో ఎవరివో చెప్పులు టపటపమని పోయాయి.

"ఓహో," అన్నాడు కత్తెర. "నా నోరు ఎదురుగా పెట్టుకుని, పోయి నా రక్తాన్ని అడిగొచ్చావన్నమాట. బాగుంది బావా. అక్క ఉంటే నీ వీపు మీద ఒక్కటి చరిచేది."

"అక్క ఉంటే ముందు నీ చెవి మెలిపెట్టేది. విను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్తాను. మాత్రతో వైరస్ అణిగే ఉంటుంది, దానికేం ఢోకా లేదు. కానీ పొడి వాడేవాళ్ళ రక్తంలో కొన్ని ప్రొటీన్లు ఉండాల్సినదానికన్నా ఎక్కువ కనబడుతున్నాయిట. ఒంట్లో వాపు రగులుతోందని చెప్పేవి కొన్ని. రక్తం తొందరపడి గడ్డకట్టేట్టు చేసేవి కొన్ని. రక్తనాళం లోపలి పొర దెబ్బతిన్నప్పుడు బయటపడేవి కొన్ని. పైకి మనిషి బాగానే ఉంటాడు. గుండె మీద మాత్రం బరువు పడుతుందంటుంది."

"అర్థమైంది." కత్తెర గౌనుని తిరగేసి లోపలివైపు చూపించాడు. "పైగుడ్డ బాగానే ఉంది, లోపల అస్తరు చిరిగింది. అంతేగా?"

"అంతే."

"నా అస్తరు చిరిగిందంటోందా నీ కాగితం?"

"అంటోంది."

కత్తెర గౌను బల్ల మీద పెట్టి, దాని ముడతలు చేత్తో సాపు చేశాడు. చాలాసేపు చేశాడు. తర్వాత అడిగాడు.

"ఏ రోజు తీసిన రక్తం?"

"పోయిన నెల పదిహేడు. రెండింటికి తీశారు. రెండూ నలభైకి తిప్పాను. రిజిస్టర్లో ఉంది."

"రెండూ నలభైకి తిప్పావా?"

"నేనే రాశాను."

"రెండూ నలభైకి నువ్వు మెట్ల మీద నా పక్కన కూర్చుని మా అక్క పాట పాడుతున్నావు బావా," అన్నాడు కత్తెర నెమ్మదిగా. "అదీ శ్రుతి లేకుండా."

*

నిజమే. ఆ రోజు ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

ల్యాబు వెనక ఇనుపమెట్లు ఉన్నాయి. మంటలు లేస్తే దిగి పారిపోవడానికి కట్టినవి. ఆ భవనంలో ఎప్పుడూ మంట లేవలేదు గనుక అవి మామ అన్నం తినే చోటయ్యాయి. ఆ మధ్యాహ్నం నర్సు కత్తెర చేతినుంచి రక్తం తీసి ట్యూబు మామకిచ్చింది. ఆ రోజుకి అదే ఆఖరుది. మామ దాన్ని కోటు జేబులో నిలబెట్టి, బావమరిదిని సాగనంపడానికి వెనక తలుపు దాకా వచ్చాడు. మెట్ల మీద ఎండ పడుతోంది, మరీ చురుక్కుమనేది కాదు. రెండు నిమిషాలు కూర్చుందాం అన్నారు.

"కింద సోడా సీసాలు మోగినట్టు లేదూ?" అన్నాడు కత్తెర. ఎక్కడో గాజు సామాన్లు కడుగుతున్నారు.

ఆ ఒక్క మాటతో ఇద్దరూ ముప్పై ఒక్క ఏళ్ళు వెనక్కి జారిపోయారు.

సోడాల ఫ్యాక్టరీ మీద ఒకే ఒక గది. మామకి కొత్తగా పెళ్ళయింది. భార్యతోపాటు ఆమె తమ్ముడు కూడా వచ్చాడు, పద్దెనిమిదేళ్ళవాడు, పెట్టె నిండా గుడ్డముక్కలు వేసుకుని. గది మధ్యలో తాడు కట్టి దుప్పటి వేస్తే అటు సంసారం, ఇటు కుట్టుమిషన్. తెల్లారితే కింద సీసాలు గలగలమనేవి. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని, తమ్ముడి మిషన్ నడకకి సరిపోయేట్టు కూనిరాగం తీసేది. మిషన్ వేగం పెరిగితే పాట వేగం పెరిగేది. వీడు కావాలని ఒక్కసారిగా ఆపేసేవాడు. పాట గాలిలో నిలబడిపోయేది. "నీ మిషన్ విరగ!" అనేది ఆవిడ. ముగ్గురూ నవ్వేవాళ్ళు. అంత నవ్వు దేనికో ఇప్పుడు చెప్పమంటే ఇద్దరూ చెప్పలేరు.

మామకి ల్యాబులో ఉద్యోగం దొరికినప్పుడు మొదటి రోజుకి నీలం చొక్కా కుట్టింది వాడే. వాడు మనిషికి కుట్టిన మొదటి చొక్కా అది. ఎడమచెయ్యి కుడిచేతికన్నా రెండంగుళాలు పొడుగు వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టే టైము లేదు. ఆవిడ రెండు చేతులూ మోచేతి దాకా మడిచి, "ఇలా పోతే పనిమంతుడనుకుంటారు," అని పంపింది. అనుకున్నారు కూడా. అప్పటినుంచి మామ ఏ చొక్కా వేసినా చేతులు మడిచే ఉంటాయి.

"ఆ చొక్కా ఉందా బావా?"

"ఉంది. ఎడమచెయ్యి ఇంకా పొడుగే."

తర్వాతి సంగతులు కూడా మాట్లాడుకున్నారు, కాని పైపైన, పుండు పక్కన గోకినట్టు. యూనిఫారాల ఆర్డర్లు రావడం. వారంలో చేసే పని రెండు రోజుల్లో చెయ్యాలని ఎవడో పొడి అలవాటు చెయ్యడం. ఆ సహవాసాలు, ఆ సూదులు. ఆ తర్వాత వచ్చిన జబ్బు. వాడి భార్య పిల్లని తీసుకుని వెళ్ళిపోవడం. అక్క మాత్రం ప్రతి ఆదివారం వాడి కొట్టు తుడిచి రావడం. ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఆవిడ పోయిన ఏడాదికి వాడు పొడి మానేశాడు.

"చూడలేదు అక్క," అన్నాడు కత్తెర.

"చూస్తే నమ్మేది కాదులే," అన్నాడు మామ. మళ్ళీ ఇద్దరూ నవ్వారు.

రెండు నిమిషాలనుకున్నది ఎంతసేపైందో ఇద్దరికీ తెలియదు. ఎండ ఆఖరి మెట్టు కూడా దిగిపోయాక లేచారు.

*

"అప్పుడు నా రక్తం ఎక్కడుంది బావా?" అన్నాడు కత్తెర.

మామ చెయ్యి తనంతట తనే కోటు జేబులోకి పోయింది. ఆ జేబులో నాలుగు సన్నటి అరలు. ట్యూబు ఒరిగిపోకుండా నిటారుగా నిలబడాలని కత్తెరే కుట్టిచ్చాడు, డబుల్ కుట్టు వేసి మరీ. తను కుట్టిన అరలో తన రక్తమే, ఆ మధ్యాహ్నమంతా, తన పక్కనే నిలబడి ఉంది.

మామ స్టూలు మీద కూలబడ్డాడు.

తీసిన రక్తాన్ని గంటలోపు తిప్పాలి. తిప్పితే ఎరుపంతా అడుక్కి పోయి, పైన పసుప్పచ్చటి ప్లాస్మా తేరుతుంది. దాన్ని తీసి ఫ్రీజర్లో గడ్డకట్టించాలి. తిప్పకుండా ఉంచేస్తే రక్తకణాలు తమ కడుపులో ఉన్నదంతా ప్లాస్మాలోకి కక్కేస్తాయి. లేని ప్రొటీన్లు ఉన్నట్టు, తక్కువున్నవి ఎక్కువున్నట్టు కనబడతాయి. ఈ సంగతి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే చెప్పేది మామే.

మరి రిజిస్టర్లో రెండూ నలభై ఎలా వచ్చింది?

మామ చదువు మూడో తరగతితో ఆగింది. అంకెలు గుండ్రంగా, నిదానంగా దిద్దుతాడు. చేతికి గ్లౌజులుంటే అసలు రాయలేడు. అందుకని పొద్దున్నే వచ్చి, ఆ రోజు రాబోయేవాళ్ళ వరస చూసి, తిప్పే టైములన్నీ ముందే రాసేసుకునేవాడు. రాసిన నిమిషానికి మిషన్ మీట నొక్కేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో రాసింది రాసినట్టే జరిగింది. గడియారం చూసి రిజిస్టరు రాయడం కాదు, రిజిస్టరు చూసి గడియారం నడుస్తుందా అన్నట్టుండేది.

ఒక్క పదిహేడో తారీఖున తప్ప. ఆ రోజు మెట్ల మీంచి లేచి వెళ్ళి ట్యూబు తిప్పాడే గాని, గడియారం వైపు చూడనే లేదు.

"నిన్ను అనుమానించి వచ్చాను," అన్నాడు మామ. "తప్పు నా జేబులో ఉంది."

 కత్తెర టేపు వేలికి మళ్ళీ చుట్టుకుని, విప్పాడు.

"ఇప్పుడేం చేస్తావు?"

"పోయి చెప్తాను."

"ఆర్నెల్లలో రిటైరవుతున్నావు బావా. ఇన్నేళ్ళ పేరు."

"మరి పాప?"

 మామ మెట్లెక్కి వెళ్ళేదాకా కత్తెర గౌను అంచు వైపే చూస్తూ ఉండిపోయాడు.

*

డాక్టరమ్మ చెప్పులు విప్పి, కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కాగితాలు దిద్దుతోంది. మామ రిజిస్టరు తెచ్చి ఆమె ముందు తెరిచి పెట్టాడు. జరిగింది నాలుగు వాక్యాల్లో చెప్పాడు. అంతకన్నా ఎక్కువ మాటలు అతనికి రావు.

ఆమె కాళ్ళు కిందికి దించింది.

"ఎంతసేపుంది జేబులో?"

"రెండు గంటలు దాటి ఉంటుంది."

"టైము ముందే రాశావు."

"రాశాను."

"ఈ ఒక్కటేనా మామా? ఎన్ని పేజీలు ఇలా ముందే రాశావు?"

"అన్నీ."

డాక్టరమ్మ పేజీలు తిప్పింది. ముత్యాల్లాంటి అంకెలు. ఒక్క కొట్టివేత లేదు. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ ఆమె గర్వంగా చూపించిన పుస్తకం అది.

"మిగతావి రాసిన టైముకే తిప్పావని నేను నమ్ముతాను," అంది. "నా నమ్మకం ఎవరిక్కావాలి? ఒక్క టైము అబద్ధమని తేలితే పుస్తకమంతా అనుమానమే. రేపు పెద్దవాళ్ళకి చెప్పక తప్పదు."

"చెప్పండి."

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.

"నేను చదువుకునేటప్పుడు, ఎదురుబరువు పెట్టకుండా ఒక్క ట్యూబే వేసి మిషన్ తిప్పాను. గుర్తుందా?"

"గదంతా గంతులేసింది."

"నువ్వు దాని మీదెక్కి కూర్చున్నావు."

"కూర్చోకపోతే తలుపు తీసుకుని బయటికెళ్ళేట్టుంది."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "ఆ రోజు అది నేను చేశానని ఎవరికీ చెప్పలేదు నువ్వు. నీ మీద వేసుకున్నావు. ఈ రోజు నీది నా మీద వేసుకునే వీల్లేదు మామా. ఇది మిషన్ కాదు. రెండొందల మంది రక్తం."

"వేసుకోమని రాలేదమ్మా. ఆ నలభై ఏడు మీద అబద్ధం పడిందని చెప్పడానికొచ్చాను."

ఆమె సొరుగులోంచి కొత్త రిజిస్టరు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇకనుంచి చేశాక రాయి. ముందు కాదు. ఎంత ఆలస్యమైనా సరే." కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్లో ఏదో వెతికింది. "నలభై ఏడుది ఇంకో ట్యూబుంది. ఆర్నెల్ల కిందటిది. ఆ రోజు నువ్వు సెలవు. నర్సు తిప్పింది, తిప్పాక రాసింది. దాన్ని ఇంకా పరీక్షకి పంపలేదు. సాయంత్రం వెళ్ళే పెట్టెలో ఒక్క ఖాళీ ఉంది. ఐదింటికి మూసేస్తారు. తీసి పెట్టెయ్. శనివారానికి కాగితం వచ్చేస్తుంది."

"కొత్తగా రక్తం తీస్తే?"

"తీద్దాం. కానీ ఐదింటిలోపు తీసి, తిప్పి, గడ్డకట్టించలేం. అది తర్వాతి పెట్టెలో వెళ్ళాలి, మూడు వారాలు. పాతది బాగుంటే మనిషి మాట నిలబడినట్టే కదా."

మామకి ఒళ్ళు తేలికైంది. శనివారం కాగితం. ఆదివారం పాప.

*

పెద్ద ఫ్రీజరు తలుపు తీస్తే తెల్లటి పొగ మోకాళ్ళ మీదికి దిగింది. మామ మందపాటి గ్లౌజులు వేసుకుని, మూడో అరలోంచి పెట్టె లాగి, వేలెడంత ట్యూబు బయటికి తీశాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఒక గ్లౌజు పళ్ళతో లాగి ఎత్తాడు.

"ఏమంది బావా?" కత్తెర. వెనకాల మిషన్ టకటకలాడుతోంది.

"బతికిపోయావురా. పాత ట్యూబొకటి ఉంది, ఆర్నెల్ల కిందటిది. దాన్ని సరిగ్గా తిప్పారు. ఇప్పుడే తీశాను. శనివారానికి కాగితం నీ చేతిలో పెడతాను."

మిషన్ చప్పుడు ఆగిపోయింది. పాట గాలిలో నిలబడిపోయినట్టుగా ఆగింది.

"బావా."

"చెప్పరా."

"అది పంపకు."

మామ గోడకి ఆనుకున్నాడు.

"కొత్త రక్తం ఎంత కావాలంటే అంత తీసుకో. రెండు చేతులూ చాపుతాను. అది మాత్రం పంపకు."

అప్పుడు గుర్తొచ్చింది మామకి. ఆర్నెల్ల కిందట మూడు రోజులు జ్వరం. పడుకుని ఉంటే కత్తెర ఫోను చేశాడు. 'తగ్గిందా బావా? రేపు పనిలోకి పోవు కదా? రెస్ట్ తీసుకో.' ఎంత ప్రేమగా అడిగాడు! అలా అడగడానికి వాళ్ళక్క తర్వాత ఇంకెవరున్నారని, మామ దుప్పటి మొహం మీదికి లాక్కుని కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడే వీడు ల్యాబుకొచ్చి రక్తం ఇచ్చి వెళ్ళాడు. మామ లేని రోజు చూసుకుని.

"ఎన్నాళ్ళు?" అన్నాడు మామ.

"ఒక్క వారం. ఆ యూనిఫారాల ఆర్డరు... ఒక్క వారమే బావా. మళ్ళీ ముట్టలేదు. పదిహేడున నీ జేబులో ఉన్న రక్తం మంచిదే, దాన్ని నువ్వే పాడుచేశావు. ఇప్పుడు తియ్యి, నా రక్తమే చెప్తుంది. మూడు వారాలు ఆగమని అమ్మాయికి చెప్పు. నీ మాట వింటుంది."

"నా మాట కాదురా. మిషన్ మాట వింటానంది."

 అవతల కుట్టుమిషన్ మళ్ళీ కదల్లేదు.

"మామా!" నడవాలోంచి డాక్టరమ్మ కేక. "దొరికిందా? పెట్టె మూసేస్తున్నారు!"

మామ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కొత్త రిజిస్టరు తెరిచాడు. మొదటి పేజీ. గోడ గడియారం చూశాడు. బయటికి తీసిన టైము: నాలుగూ నలభై రెండు. ముప్పై ఒక్క ఏళ్ళలో, పని అయ్యాక రాసిన మొదటి అంకె.

పక్క గడిలో ఆ ట్యూబు ఎక్కడికి పోయిందో రాయాలి. పెట్టెలోకా, మళ్ళీ ఫ్రీజర్లోకా.

ఈసారి మామ ముందుగా ఏమీ రాయలేదు. చెవిలో కత్తెర ఊపిరి వినబడుతోంది. నడవాలో డాక్టరమ్మ చెప్పుల చప్పుడు దగ్గరౌతోంది. ట్యూబు మీద మంచు కరిగి, నలభై ఏడు అన్న అంకె స్పష్టంగా బయటపడింది. ఒక చుక్క జారి ఆ ఖాళీ గడిలో పడింది.